గోడలోంచా, గుమ్మంలోంచా

మా మావయ్య కుడికాలి బొటనవేలు శుక్రవారం రాత్రి వాచింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోందని ఫోన్ చేశాడు. ఆదివారం నేను వెళ్ళేసరికి కాలు పీట మీద పెట్టుకుని, రక్తపరీక్ష కాగితాన్ని కళ్ళద్దాలకి ఆనించుకుని చూస్తున్నాడు. యూరిక్ ఆమ్లం 9.2. మావయ్య ముప్ఫయ్యేళ్ళు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ఫార్ములేషన్ విభాగంలో చేసి రిటైరయ్యాడు. నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. మందు కణంలోకి ఎలా పోతుందన్న దగ్గర మా ఇద్దరికీ ఎప్పుడూ పొసగదు. ఆయన వాదం పాతది, మొండిది, సగం నిజం. ఆ సగం నిజంతోనే వేగలేం. ఆ పూట మాటల్లోంచి నొప్పి మీద తిట్లు తీసేసి మిగిలింది రాస్తున్నాను.

మావయ్య: మాంసం మానేసి ఆర్నెల్లయింది. పప్పు కూడా తగ్గించాను. అయినా తొమ్మిది దాటింది. ఎక్కణ్ణుంచి వస్తోందే ఇది?

నేను: వచ్చేదాన్ని పట్టుకుని కూచున్నావు, పోయేదాన్ని చూడు. చాలామందిలో తంటా వంటింట్లో ఉండదు, కిడ్నీలో ఉంటుంది. అసలు రక్తంలో అది ఆమ్లంగా తిరగదు. నూటికి 98 పాళ్ళు ప్రోటాన్ వదిలేసి, రుణావేశంతో యూరేట్‌గా తిరుగుతుంది. అంటే సేంద్రియ ఆనయాన్. కణం పొర దాటాలంటే ఎవరో ఒకరు తలుపు తియ్యాలి.

మావయ్య: మొదలెట్టావా తలుపులు! పొరంటే ఏమిటే? రెండు వరసల కొవ్వు. కొవ్వులో కరిగేది దాటుతుంది, కరగనిది ఆగుతుంది. ఓవర్టన్ 1899లోనే చెప్పాడు. ముప్ఫయ్యేళ్ళు ఆక్టనాలూ నీళ్ళూ గరాటులో పోసి ఊపి బతికినవాణ్ణి. పైన తేలిన ఆక్టనాల్లో మందెంత, కింద నీళ్ళలో ఎంత? ఆ అంకె చూస్తే చాలు, సగం కథ తెలిసిపోయేది.

నేను: ఆవేశం ఉన్న అణువైతే?

మావయ్య: ఆవేశం నూటికి నూరుపాళ్ళు ఎప్పుడూ ఉండదు. ఆస్పిరిన్ తీసుకో. దాని పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్, మూడున్నర. పొట్టలో ఆమ్లానికి దాదాపు అంతా ఆవేశం లేకుండానే ఉంటుంది. రక్తంలో ఎనిమిది వేలకి ఒక్కటే అలా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ ఒక్కటీ దాటిపోగానే మిగతావాటిలో ఇంకొకటి ప్రోటాన్ పట్టుకుని దాని చోట్లోకి వచ్చేస్తుంది. చీమ ఒక్కో పలుకే మోస్తుంది. చక్కెర డబ్బా ఖాళీ అవ్వదూ?

నేను: అవుతుంది. ఆస్పిరిన్ నీకే వదిలేస్తున్నా. మరి పెన్సిలిన్? నీ లెక్క ప్రకారమే దానికి యాభై వేలకి ఒకటి. అయినా సూది వేసిన అరగంటకి రక్తంలో సగం ఉండదు. ఎటు పోయింది?

మావయ్య: కిడ్నీ వడగట్టి పారేసింది.

నేను: ఆ కాగితం ఇటివ్వు, వెనకవైపు లెక్క వేద్దాం. కిడ్నీలకి నిమిషానికి వచ్చే ప్లాస్మా సుమారు 600 మి.లీ. గ్లొమెరులస్ జల్లెడలోంచి దిగేది 120. అంటే అయిదింట ఒక వంతు. జల్లెడ ఎంత మంచిదైనా నూటికి 20 మించి తియ్యలేదు. పారా అమైనో హిప్పురేట్ అని ఒక ఆనయాన్ ఉంది, పీఏహెచ్ అంటాం. రక్తం కిడ్నీలోంచి ఒక్క చుట్టు తిరిగొచ్చేసరికి దాంట్లో నూటికి 90 పాళ్ళు మాయం. ఇరవై జల్లెడ ఖాతా. మిగతా డెబ్భై ఎవరి ఖాతాలో రాయమంటావు?

మావయ్య: నాళిక గోడ కణాల్లోంచి ఊరి ఉంటుంది.

నేను: ఊరడానికి వాలు కావాలిగా. కణం లోపల బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టుల రుణావేశం ఉంటుంది. రుణావేశం ఉన్నదాన్ని అది తోసేస్తుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే, బయట 14 ఉన్నప్పుడు లోపల ఒకటి దగ్గర ఆగిపోవాలి. కానీ ఆ కణాల్లో పీఏహెచ్ బయటికంటే ఎక్కువ పేరుకుంటుంది. చెరువు నీళ్ళు మిట్టమీది మడిలోకి ఎక్కితే, పల్లం అటుందేమో అనుకుంటామా, మోటారు ఎక్కడుందో వెతుకుతామా?

(మావయ్య కాగితం తీసుకుని 14కి లాగరిథమ్ వేసి చూసుకున్నాడు. తప్పు దొరకలేదు. కాలు కాస్త జరుపుకుని మూలిగాడు. ఆ మూలుగు లెక్కకో, వేలికో తెలియలేదు.)

మావయ్య: మోటారు సంగతి కాగితం మీద బాగానే ఉంది. కంటితో చూసినవాడున్నాడా?

నేను: ఈ తగువు మనింట్లో పుట్టింది కాదు. 1874లోనే హైడెన్‌హైన్ కుందేళ్ళకి నీలం రంగు ఎక్కించి, నాళిక కణాలే రంగు పట్టుకుంటున్నాయని చూపించాడు. ఎవరూ పూర్తిగా నమ్మలేదు. 1917లో కుష్నీ అని పెద్ద పండితుడు పుస్తకం రాసి, వడపోతా, మళ్ళీ పీల్చుకోవడమూ తప్ప కిడ్నీలో ఇంకేమీ జరగదని తేల్చేశాడు. ఆరేళ్ళకి జాన్స్ హాప్కిన్స్‌లో మార్షల్, వికర్స్ కలిసి కుక్కలకి ఫినాల్ రెడ్ ఎక్కించారు.

మావయ్య: మా ల్యాబుల్లో వాడేదే? పసుపు నుంచి ఎరుపుకి తిరిగేది?

నేను: అదే. జల్లెడ దించగలిగినదానికంటే ఎక్కువ రంగు మూత్రంలో తేలింది.

మావయ్య: కుక్క కిడ్నీలో జల్లెడా, నాళికా కలిసే ఉంటాయి. దేని వంతు ఎంతో ఎలా విడదీస్తావు?

నేను: వాళ్ళనీ అదే అడిగారు. అందుకని మార్షల్ సముద్రానికి వెళ్ళాడు. గూస్‌ఫిష్, టోడ్‌ఫిష్ అని ఉంటాయి, వాటి కిడ్నీలో గ్లొమెరులస్ ఉండదు. జల్లెడ లేని కిడ్నీ, ఉన్నవన్నీ నాళికలే. ఫినాల్ రెడ్ ఇస్తే వాటి మూత్రంలోకీ దిగింది.

మావయ్య: (కాసేపాగి) చేప కోసం వెతుక్కుంటూ వెళ్ళాడంటే మంచివాడే.

(ఈలోగా అత్తయ్య బీట్‌రూట్ తరుగుతోంది. నేను లేచి వెళ్ళి నాలుగు ముక్కలు తెచ్చాను. గ్లాసులో చన్నీళ్ళు పోసి వేశాను. నీళ్ళు వెంటనే ఎర్రబడ్డాయి. పారబోసి మళ్ళీ పోశాను, ఈసారి లేతగులాబీ. మూడోసారి పోసిన నీళ్ళు తేటగానే ఉండిపోయాయి. కత్తి పడి తెగిన కణాల రంగు మొదటి రెండు గ్లాసుల్లో పోయింది. తెగని కణాలు తమ రంగు వదలవు.)

నేను: ఈ ఎరుపు బెటనిన్. మీద కార్బాక్సిల్ గుంపులున్నాయి, అంటే ఇదీ ఆనయానే. కణం మధ్యలో రసపు సంచి ఉంటుందే, దాంట్లో ఉంటుంది. చుట్టూ నీళ్ళున్నా బయటికి రాదు. ఇదే ముక్కని పొయ్యి మీద మరిగిస్తే పొరలు చెడి రంగంతా గిన్నెలోకి వచ్చేస్తుంది. నూనెలో పసుపు వేస్తే నూనె పచ్చబడుతుంది. బీట్‌రూట్ రంగు వేసి చూడు, నూనెకి అంటుకోదు.

మావయ్య: ఆగాగు. ఇది ఎవరి సాక్ష్యం? గోడ గట్టిది, నూనెలో కరగనిది దాటదు అని నేనంటే, బీట్‌రూట్ తెచ్చి నువ్వే నిరూపించావు!

నేను: నిరూపించాను. గోడ అంత గట్టిది కాబట్టే, దాటినవి గుమ్మంలోంచి దాటాయంటున్నాను. అసలు ఆ సంచిలోకి రంగు ఎలా చేరిందో అడగవేం?

మావయ్య: సరే, ఆ గుమ్మం ఎలా పనిచేస్తుందో చెప్పు. మిట్ట ఎక్కించడానికి కరెంటు ఎవడు కడుతున్నాడు?

నేను: మీ ఊళ్ళో ఉప్పు బండి వచ్చేదని చెప్పేవాడివి.

మావయ్య: వచ్చేది. భీమవరం అవతల కొటార్ల నుంచి. మా నాయనమ్మ డబ్బులు ఇచ్చేది కాదు. చేటతో ధాన్యం పోసి ఉప్పు కొలిపించుకునేది. ధాన్యం లోపలుంటేనే ఉప్పు గడప దాటి లోపలికి వచ్చేది.

నేను: ఓఏటీ1 అనే వాహక ప్రోటీన్‌ది సరిగ్గా అదే బేరం. నాళిక కణానికి రక్తం వైపున్న గోడలో ఉంటుంది. అది మందుని ఊరికే లోపలికి లాగదు. లోపలున్న ఆల్ఫా కీటోగ్లూటరేట్‌ని బయటికిచ్చి, బదులుగా మందుని తీసుకుంటుంది. ఆ కీటోగ్లూటరేట్ మీ నాయనమ్మ చేటలో ధాన్యం. ఇంట్లో అయిపోతే ఉప్పు రాదు. మరి ఇంట్లోకి అది ఎలా చేరింది? సోడియం లోపలికి రావాలని ఆత్రపడుతూ ఉంటుంది. వస్తూ వస్తూ దాన్ని కూడా తెస్తుంది, దానికి వేరే వాహకం ఉంది. సోడియానికి ఆ ఆత్రం ఎందుకు? ఇంకో పంపు కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి మూడు సోడియాల్ని ఎప్పటికప్పుడు బయటికి గెంటుతూ, రెండు పొటాషియాల్ని లోపలికి తెస్తూ ఉంటుంది.

మావయ్య: అంటే అసలు ఖర్చు ఏటీపీది. మందు దగ్గరికి మూడో చేతిమీదుగా వస్తోంది.

నేను: మూడో చేతిమీదుగా. ఈ బేరం సంగతి 1980ల్లో తేలింది. ఎలుక కిడ్నీ నుంచి ఓఏటీ1 జన్యువు 1997లో దొరికింది. పక్కనే ఓఏటీ3 అని దాని చుట్టం కూడా ఉంది. లోపలికి వచ్చిన మందుని మూత్రం వైపు తోసేవి వేరు, ఎమ్ఆర్‌పీ4 లాంటివి. అవి నేరుగా ఏటీపీ కాలుస్తాయి.

మావయ్య: ఏటీపీ అంటే గుర్తొచ్చింది, మా భీమవరంవాడే! ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దాన్ని కనిపెట్టాడు.

నేను: ఆయన దగ్గరికే వస్తున్నా. ముందు పెన్సిలిన్ కథ ముగించనీ. 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి పెన్సిలిన్ మొదలుపెట్టారు. అద్భుతంగా తేరుకున్నాడు. ప్రపంచంలో ఉన్న మందే కొంచెం, కిడ్నీలేమో ఎక్కించింది ఎక్కించినట్టు పారబోస్తున్నాయి. అతని మూత్రం పట్టి, సైకిల్ మీద ల్యాబుకి తీసుకెళ్ళి, అందులోంచి పెన్సిలిన్ తీసి మళ్ళీ అతనికే ఎక్కించారు. చివరికి అదీ అయిపోయింది. మార్చి 15న చనిపోయాడు.

మావయ్య: మూత్రంలోంచి! ఎంత మిగిలేదో పాపం.

నేను: గోడలోంచి ఊరడమే నిజమైతే ఆ పారబోతని ఎవరూ ఆపలేరు. గుమ్మం ఉంటే గుమ్మానికి అడ్డంగా ఇంకొకణ్ణి నిలబెట్టొచ్చు. కార్ల్ బేయర్ అనే ఆయన అదే చేశాడు. ఆస్పిరిన్ కంపెనీ కాదు, మనిషి పేరు. అమెరికాలో షార్ప్ అండ్ డోమ్‌లో పనిచేసేవాడు. మొదట పీఏహెచ్ ఇచ్చారు. పెన్సిలిన్‌తో పోటీపడి గుమ్మాన్ని ఆక్రమించింది కానీ, అది గ్రాములకి గ్రాములు నరంలోకి ఎక్కించాలి, కుదిరే పని కాదు. తర్వాత కారినమైడ్. 1951కి ప్రొబెనిసిడ్ వచ్చింది. నోట్లో వేసుకునే మాత్ర. అది వేసుకుంటే పెన్సిలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలబడుతుంది.

మావయ్య: ప్రొబెనిసిడ్ గౌట్ అనే ఈ కీళ్ళవాతం మందు కదే. నా వేలికి కూడా...

నేను: వస్తున్నా, వస్తున్నా. అత్తయ్య వేసుకునే నీళ్ళ మాత్ర ఫ్యురోసెమైడ్ సంగతీ ఇంతే. రక్తంలో నూటికి 95 పాళ్ళకి పైగా ఆల్బుమిన్‌ని పట్టుకుని ఉంటుంది, కాబట్టి జల్లెడలోంచి దిగదు. పనిచెయ్యాల్సిందేమో నాళిక లోపలివైపు. ఓఏటీలు తీసుకెళ్ళి అక్కడ దింపితేనే అత్తయ్య కాళ్ళ వాపు తగ్గుతుంది.

మావయ్య: ఇప్పుడు నేను చెబుతా, విను. హెచ్ఐవీకి ఇచ్చే టెనోఫోవిర్. దాని ఫాస్ఫోనేట్ మీద రెండు రుణావేశాలు. పేగు గోడ దాటనంది. మేం తలుపు కోసం చూశామా? ఆ రెంటి మీదా రెండు ఎస్టర్ ముసుగులు తొడిగారు, డైసోప్రాక్సిల్ అని. ముసుగు వేసుకుని కొవ్వులో కరిగి దాటిపోయింది. సెఫ్యురాక్సిమ్‌కీ అంతే, ఎనలాప్రిల్‌కీ అంతే. మీవాళ్ళు డాబ్సన్, కెల్ 2008లో మందులన్నీ వాహకాల మీదే వెళతాయన్నట్టు రాశారు చూడు, అది అతి. రెండేళ్ళకే సుగానో వాళ్ళు రెండు దారులూ ఉన్నాయని బదులిచ్చారు. రెండోది నేనూ చదివాను.

నేను: ముసుగు విషయంలో నీకు ఎదురు చెప్పను. అది మీ వృత్తి. కానీ ముసుగు ఎంతసేపు ఉంటుంది? రక్తంలోకి వచ్చీ రాగానే ఎస్టరేజులు లాగేస్తాయి. మళ్ళీ ఆనయాన్. ఓఏటీ1 దాన్ని కిడ్నీ కణంలోకి లాగుతుంది. అటువైపు తోసే వేగం చాలకపోతే కణంలోనే పేరుకుని దాన్నే దెబ్బతీస్తుంది. టెనోఫోవిర్ వాడేవాళ్ళకి క్రియాటినిన్ చూస్తూ ఉండేది అందుకే. సిడోఫోవిర్ ఇంకా ఘోరం. దాంతోపాటు ప్రొబెనిసిడ్ ఇచ్చి మరీ ఆ గుమ్మం మూస్తారు.

మావయ్య: అందుకే ముసుగు మార్చారమ్మా. అలాఫెనమైడ్. రక్తంలో ఊడదు, కణంలోకి వెళ్ళాక ఊడుతుంది. రక్తంలో టెనోఫోవిర్ బాగా తగ్గింది, కిడ్నీకి ఊపిరాడింది. నీ తలుపు చేసిన చేటుని మా ముసుగు తప్పించింది.

(దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.)

నేను: సుబ్బారావు గారి దగ్గరికొద్దాం. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం చేసిన ఫోలిక్ ఆమ్లం పనిలోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. అదీ ఆనయానే. కేన్సర్ కణంలోకి ఫోలేట్ వాహకం మీద ఎక్కి వెళుతుంది, అక్కడా బేరమే. లోపలి ఫాస్ఫేట్ ఆనయాన్లు బయటికి పోతూ దీన్ని రానిస్తాయి. కణం ఆ వాహకాన్ని తయారుచెయ్యడం మానేస్తే మందుకి లొంగదు. గుమ్మం మూసుకుంటే చావు తప్పించుకుంటుందన్నమాట.

మావయ్య: అలాంటి కణాలకి ఏం చేస్తారో కూడా చెప్పు. మోతాదు గ్రాముల్లోకి పెంచేస్తారు. అంత మందు బయట నిలబడితే తలుపు లేకపోయినా కొంత గోడలోంచి ఊరుతుంది. ల్యూకోవొరిన్ ఇచ్చి మంచి కణాల్ని కాపాడుకుంటారు. ఆ ఊరే దారిని నువ్వు ఇందాకే కొట్టిపారేశావు.

నేను: వాలు ఎదురైన చోట కొట్టిపారేశాను. వాలు అంత నిటారుగా కట్టినప్పుడు కొట్టిపారెయ్యను. అదే మోతాదులో ఇంకో భయం ఉంది చూడు. మెథోట్రెక్సేట్ బయటికి పోవాలన్నా ఓఏటీ3 గుమ్మమే. నొప్పి మాత్రలు కొన్ని ఆ గుమ్మంలోనే తోసుకుంటాయి. కేన్సర్ మోతాదులో మెథోట్రెక్సేట్ ఉన్నవాళ్ళు షాపులో అడిగి నొప్పి మాత్ర వేసుకుంటే మందు లోపలే నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మావయ్య: నా వేలికి కూడా నొప్పి మాత్రే ఇచ్చారు.

నేను: నువ్వు మెథోట్రెక్సేట్ వాడట్లేదుగా. నీ గొడవ ఇంకో గుమ్మంతో. జల్లెడలోంచి దిగిన యూరేట్‌లో నూటికి 90 పాళ్ళు మళ్ళీ రక్తంలోకే వెనక్కి వచ్చేస్తుంది. ఆ వెనక్కి తెచ్చే వాహకం యూరాట్1. జపాన్ వాళ్ళు 2002లో పట్టుకున్నారు. పుట్టుకతో అది పనిచెయ్యని కుటుంబాల్లో యూరిక్ ఆమ్లం ఒకటికి కూడా చేరదు.

మావయ్య: అదృష్టవంతులు. దీనికీ బేరమేనా?

నేను: బేరమే. లోపలి ఆనయాన్‌ని మూత్రంలోకిచ్చి యూరేట్‌ని తెచ్చుకుంటుంది. లాక్టేట్ దానికి బాగా నచ్చిన ధాన్యం. మద్యం తాగిన రాత్రి లాక్టేట్ పెరుగుతుంది, తెల్లారి వేలు వాస్తుంది. టీబీ రోగులు పైరాజినమైడ్ వాడుతుంటే కీళ్ళు నొప్పులంటారు. ఆ మందు శరీరంలో పైరాజినోయిక్ ఆమ్లంగా మారి, ఈ గుమ్మంలో అదే చేటలో ధాన్యమవుతుంది. నువ్వు గుండెకి వేసుకునే 75 మి.గ్రా. ఆస్పిరిన్ కూడా యూరేట్‌ని కొంత లోపలే నిలబెడుతుంది. వింతేమిటంటే అదే ఆస్పిరిన్ చాలా ఎక్కువ మోతాదులో యూరేట్‌ని బయటికి పంపేస్తుంది.

మావయ్య: అయితే ఆస్పిరిన్ ఆపేస్తా.

నేను: ఆపకు. గుండె డాక్టరుని అడక్కుండా ముట్టుకోకు. అందులోంచి తగ్గేది కొంచెం, తెచ్చుకునేది పెద్ద ప్రమాదం.

మావయ్య: పోనీ ప్రొబెనిసిడ్ వేసుకుంటా. అటు పెన్సిలిన్ గుమ్మం మూసింది, ఇటు యూరాట్1నీ మూస్తుంది కదా. తలుపులు ఉన్నాయనే ఒప్పుకుంటా, మాత్ర రాయించు.

నేను: నాలుగేళ్ళ కిందట నడుం పట్టుకుని మెలికలు తిరిగావు, గుర్తుందా? రాయి. కిడ్నీలో రాయి వచ్చినవాళ్ళకి అది సాధారణంగా ఇవ్వరు. వెనక్కి రానివ్వని యూరేట్ అంతా మూత్రంలోకే కదా పోయేది.

(మావయ్య మళ్ళీ కాగితం అందుకున్నాడు. ఈసారి నన్ను లెక్క వెయ్యనివ్వలేదు.)

మావయ్య: రక్తంలో పీహెచ్ 7.4, సరే, ఆనయాన్. మూత్రంలో పీహెచ్ 5కి దిగితే? పీకేఏ ఐదు పైచిలుకు. సగానికి పైగా ప్రోటాన్ పట్టుకుని మళ్ళీ ఆమ్లమైపోతుంది. ఆ ఆమ్లం నీళ్ళలో కరగదు. గడ్డకట్టి రాయి. తలుపులు నువ్వు చెప్పినన్నీ ఉండనీ, రాయి దగ్గరికి వచ్చేసరికి నా పీకేఏనే కదే!

నేను: నీ పీకేఏనే. అందుకే మూత్రం ఆమ్లత తగ్గిస్తే ఆ రాయి కరుగుతుంది కూడా. పొటాషియం సిట్రేట్ ఇస్తారు.

మావయ్య: సిట్రేట్‌కి మూడు కార్బాక్సిల్ గుంపులు. అది మీ ఆనయాన్ల సంఘంలో సభ్యుడేగా. దానిది ఏ గుమ్మం?

నేను: ఓఏటీ కాదు, వేరే ఉంది. సోడియంతో కలిసి వస్తుంది.

మావయ్య: ఎన్ని సోడియాలు?

(లోపల్నుంచి అత్తయ్య, బీట్‌రూట్ వేపుడు చల్లారిపోతోందని మూడోసారి కేక వేసింది. మావయ్య గ్లాసులోని నాలుగు ముక్కలూ పళ్ళెంలోకి వంపుకుని, కాలు మెల్లగా పీట మీంచి దించాడు.)